నెంబరు చుట్టూ అతుకు

తేనెసీసాని ఈ జన్మలో క్షమించను. మిగతా సంగతులు తర్వాత, ముందు ఈ మాట రాసిపెడుతున్నాను.

పాత కార్ల బజారులో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. మాట అంత తియ్యగా, అంత నింపాదిగా కారుతుంది. "పుట్టిన ఇంజను, పుట్టిన నెంబరు, ముగ్గురంటే ముగ్గురే యజమానులు. నీలాంటి పనివాడి కళ్ళకే దీని విలువ కనిపిస్తుందన్నా" అంటూ ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నాకు అంటగట్టాడు. దానికోసం మా ఆవిడ పేరున ఉన్న షెడ్డుని, ఆమె చేతే సంతకం పెట్టించి అమ్మాను. కత్తి నాదే, మెడా నాదే. నూరి చేతికిచ్చింది మాత్రం వాడు.

ఇదంతా జరిగిన రోజుకి మా ఆవిడ నాతో మాట మానేసి తొమ్మిది రోజులు.

పొద్దున ఎనిమిదిన్నరకి నా బావమరిది వ్యాను షెడ్డు ముందు ఆగింది. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాడికి నేను పెట్టిన పేరు కూడా లిఫ్టే. మనసు బాగుంటే పై అంతస్తులో ఉంటాడు, బాగోకపోతే పాతాళంలో. మధ్యలో ఆగడం తెలియదు. ఆ రోజు పాతాళం నుంచే వచ్చాడు.

"అక్కా, సర్దావా?"

"సర్దాను" అంది మా ఆవిడ. సంచి గుమ్మం పక్కనే ఉంది. "మీ బావకి చెప్పు, పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో ఉందని."

నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

"బావా, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయట."

"విన్నాన్రా. నాకు చెవుడు రాలేదు."

"రాకపోతే షెడ్డు అమ్మేటప్పుడు మా మాట వినపడేదే. అప్పుడు కూడా ఇంత దూరంలోనే నిలబడి చెప్పాం."

"ఎల్లుండికి అంతా సర్దుకుంటుంది. అద్దం మేడం ఇవాళ నాలుగింటికి వస్తుంది. సంతకం పెడుతుంది. రేపు కళ్ళ డాక్టరు సొమ్ము వేస్తాడు. ఎల్లుండి షెడ్డు మనది."

"మనది" అన్నాడు లిఫ్టు, ఆ మాటని చేత్తో తూచి చూస్తున్నట్టు. "మా నాన్న పోయాక నా వాటా అక్కకి రాసిచ్చాను. మంచాన పడ్డ మనిషికి మూడేళ్ళు చేసింది, ఉంచుకోనీ అని రాసిచ్చాను. నువ్వు కార్లతో ఆడుకోడానికి కాదు."

"ఒరేయ్, ఆడుకోడం కాదు..."

"మీ బావకి చెప్పు" అంది మా ఆవిడ, గోడవైపు చూస్తూ. "నాలుగింటిదాకా ఉంటాను. ఆవిడ ఏం రాస్తుందో విని వెళ్తాను."

షెడ్డు వెనక ఉన్న రెండు గదులే మా ఇల్లు. షెడ్డు పోతే ఇల్లూ పోతుంది. కొన్నది పక్కనున్న టైల్స్ షాపతను. మంచివాడో, మంచివాడిలా కనిపించే ఓపిక ఉన్నవాడో గాని, ఒక వెసులుబాటు ఇచ్చాడు. నెలాఖరు సాయంత్రంలోగా అతని సొమ్ము అతనికి తిరిగిస్తే కాగితం చింపేస్తాడు. లేకపోతే గోడలు కూలగొట్టి గోడౌను కట్టుకుంటాడు. నెలాఖరు ఎల్లుండే.

కళ్ళ డాక్టరుకి పాత కార్ల పిచ్చి. నేను కొన్నదానికి రెట్టింపు ఇస్తానన్నాడు, ఒకే ఒక్క షరతు మీద. బండి అసలుదని అద్దం మేడం రాసివ్వాలి. ఆవిడ పాత బళ్ళ చరిత్ర వెలికితీసే ఇంజనీరు. పళ్ళ డాక్టరు దగ్గర ఉండే చిన్న అద్దం లాంటిది ఒకటి పట్టుకుని, మనిషి తల దూరని సందుల్లో కూడా చూస్తుంది. అందుకే ఆ పేరు.

రెండు నెలలుగా నేను చేసిన పని కూడా అదే, చరిత్ర వెలికితీయడం. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, పరాయి భాషలో ఉత్తరాలు రాయించి బండి చేసిన ఫ్యాక్టరీకి పంపాను. వాళ్ళ పాత రిజిస్టరులో మా నెంబరు ఉందని జవాబు వచ్చింది. ముదురాకుపచ్చ రంగు, నల్ల సీట్లు, ఫలానా తేదీన గేటు దాటింది. మొదటి యజమాని విమానం నడిపేవాడు. రెండో ఆయన పియానోలు అమ్మేవాడు. ఆయన కూతురు ఇంకా బతికే ఉంది. ఫోనులో ఆవిడ "మా నాన్న నాకంటే దాన్నే ఎక్కువ తుడిచేవాడు" అంది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఏ కాగితమూ లేదు. నాలుగేళ్ళ తర్వాత మూడో యజమాని పేరున తెల్లరంగుతో తేలింది.

"ఆ నాలుగేళ్ళూ ఎక్కడుంది?" అని లిఫ్టు మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నాడు.

"ఏదో గారేజీలో గుడ్డ కప్పుకుని పడుకుని ఉంటుంది" అని నేను చెబుతూనే ఉన్నాను.

అద్దం మేడం ముందురోజు ఫోను చేసి ఒక పని అప్పగించింది. ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే అడ్డరేకు మీద చాసిస్ నెంబరు గుద్ది ఉంటుంది. దాని చుట్టూ ఎవరో దట్టంగా నల్లపూత పూశారు. ఆ పూత తీసి, రేకు కనబడేలా ఉంచమంది.

అది నాకు చిటికెలో పని. నేను టింకరింగ్ మేస్త్రిని. నుజ్జయిన రేకుని సుత్తితో బతికించడం నా విద్య. రెండు చేతుల మధ్య రేకు పెట్టి కళ్ళు మూసుకుంటే ఎక్కడ దెబ్బ తిందో చెబుతాను. ఈ బండి కొనే రోజున కూడా అదే చేశాను. అయస్కాంతం పెట్టి లప్పం ఎక్కడుందో చూశాను. తలుపులు తట్టి విన్నాను. చివరికి బానెట్ ఎత్తి, నెంబరు చుట్టూ ఆ నల్లపూత మీదే అరచెయ్యి పెట్టి నిమిరాను. ఎగుడుదిగుడు లేదు. చెయ్యి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. "ఇది ఫ్యాక్టరీ పని. ఇప్పుడెవడూ ఇలా చెయ్యలేడు" అన్నాను. తేనెసీసా పక్కనే ఉండి తల ఊపాడు.

పదిగంటలకి కిరసనాయిల్లో గుడ్డ తడిపి పూత తీయడం మొదలుపెట్టాను. లిఫ్టు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాపలాకి కూర్చున్నాడో తమాషాకి కూర్చున్నాడో వాడికే తెలియాలి.

పూత కింద వట్టి రేకు ఉక్కు నీలంగా ఉండాలి. బూడిదరంగు తగిలింది.

సీసం.

ఫ్యాక్టరీవాళ్ళు కూడా అతుకులు కప్పడానికి సీసం వాడేవాళ్ళు. కాని తలుపుల దగ్గర, భుజాల దగ్గర వాడేవాళ్ళు, అడ్డరేకు మధ్యలో కాదు. గ్యాసు మంట సన్నగా పెట్టి ఆ చోట కాస్త చూపించాను. సీసం మెత్తబడింది. గుడ్డతో తుడిచాను. చెమటలా జారిపోయింది.

కింద గీత కనిపించింది. నిలువుగా ఒకటి. తుడుచుకుంటూ పోయాను. అడ్డంగా ఒకటి. మళ్ళీ నిలువుగా. నెంబరు చుట్టూ, పోస్టుకార్డంత మేర, నాలుగు వైపులా వెల్డింగ్. ఎవడో వేరే బండిలోంచి నెంబరున్న ముక్క కోసి తెచ్చి ఇందులో కూర్చోబెట్టాడు.

"ఏంటి బావా, రేకులో దేవుడు కనిపించాడా?" అన్నాడు లిఫ్టు.

గుడ్డ పక్కన పడేశాను. నన్ను ఆపింది అతుకు కాదు. అతుకులు నా జీవితంలో వెయ్యి చూశాను. దాని మీద ఆకురాయి గీతలున్నాయి. వెల్డింగ్ చదును చెయ్యడానికి ఆకురాయితో రాస్తే గీతలు పడతాయి. కుడిచేతి మనిషి రాస్తే ఒకవైపు వాలుతాయి. ఇవి ఆ వాలున లేవు. ఎదురు వాలుతున్నాయి.

ఈ బజారంతా నన్ను పిలిచే పేరు ఎడంచెయ్యి.

అప్పటికీ నమ్మలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాను. మూల తిరిగేచోట వెల్డింగ్ ఆపి, చల్లారకముందే రెండు చిన్న దెబ్బలు కొట్టి, మళ్ళీ మొదలుపెట్టిన గుర్తు. నాలుగు మూలలా అదే. ఆ దెబ్బలు ఎవరూ నేర్పినవి కావు. మామ ఎంత తిట్టినా నేను మానుకోలేని అలవాటు.

అప్పటికి ఆయన నాకు మామ కాదు, మేస్త్రి. నాకు పందొమ్మిదేళ్ళు. ఒక మధ్యాహ్నం పట్టా కప్పిన బండి ఒకటి లాక్కొచ్చారు. తలుపుల్లేవు, బానెట్ లేదు, చక్రాల్లేవు. వట్టి డొల్ల. మేస్త్రి నా చేతిలో చిన్న రేకుముక్క పెట్టి "అక్కడ తుప్పు తినేసింది, ఈ ముక్క కూర్చో. అతుకు నా కంటికి కూడా కనబడకూడదు" అన్నాడు. ముక్క మీద అంకెలున్నాయి. ఎందుకని అడగలేదు. అడిగే వయసు కాదు, అడిగితే ఊరుకునే మనిషీ కాదు. సాయంత్రానికి పూర్తిచేశాను. ఆయన వేలితో తడిమి "భేష్" అన్నాడు. పన్నెండేళ్ళప్పుడు ఆ షెడ్డులో చేరినవాణ్ణి, ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. మర్నాటికి బండి లేదు.

లేచి పెరట్లోకి వెళ్ళి తేనెసీసాకి ఫోను చేశాను.

"అన్నా! నీకు నూరేళ్ళాయుష్షు, ఇప్పుడే తల్చుకున్నా."

"నెంబరు చుట్టూ అతుకుంది."

"ఉంటే ఉంది. నెంబరుందా లేదా?"

"నెంబరు ఒక బండిది, ఒళ్ళు ఇంకో బండిది."

"మనుషులకి కిడ్నీలు మారుస్తున్నారు కదన్నా, వాళ్ళ పేర్లు మారుతున్నాయా?"

"పోలీసుల దగ్గరకి వెళ్తున్నాను."

అవతల అదే తియ్యటి గొంతు. "వెళ్ళన్నా. వెళ్ళేటప్పుడు చెప్పు, నేనూ వస్తా. ఆ పని చేసిన షెడ్డు బిల్లు పాత కాగితాల్లో దొరికింది, తెచ్చిస్తా. మీ మామగారి సంతకం ముచ్చటగా ఉంటుంది. కింద కూలి ఎవరికిచ్చారో కూడా రాశారు. 'ఎడంచెయ్యికి' అని."

పెరటి తలుపు మూసి గొంతు తగ్గించాను.

"తెలిసే నా దగ్గరకి తెచ్చావా?"

"బజార్లో ఇంకెవడికి చూపించినా అక్కడ గోకి చూసేవాడన్నా. నువ్వొక్కడివే అరచెయ్యి పెట్టి నిమిరావ్. నీ చేతిని నీ చెయ్యి అనుమానించదు. అంతే కదా, ఉంటా."

తిట్టాలనుకున్నాను. నాకొచ్చిన తిట్లన్నీ చిన్నవిగా కనిపించాయి.

లోపలికి వచ్చేసరికి లిఫ్టు స్టూలు మీద లేడు. బండిలోకి వంగి అతుకు చూస్తున్నాడు. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

"ఏంటిది?" అన్నాడు.

"అతుకు."

"అది కనిపిస్తూనే ఉంది. ఏ దొంగవెధవ వేశాడు?"

"నేనే."

వాడు నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు మధ్యలో వదిలేశాడు.

"ఎప్పుడు?"

"ఇరవై తొమ్మిదేళ్ళయింది. ఇక్కడే. నువ్విప్పుడు నిలబడ్డ చోటే. మీ నాన్న చెయ్యమంటే."

"నోర్ముయ్."

"ఒరేయ్, అబద్ధమైతే..."

"మా నాన్న పేరెత్తావంటే మర్యాద దక్కదు బావా. చచ్చి పైనున్న మనిషి. జీవితమంతా ఒకడి దగ్గర పైసా ఎక్కువ పుచ్చుకోని మనిషి. నువ్వు చేసిన కొనుగోలుకి ఆయన మీద మట్టి పోస్తావా?"

"ఆయన సంతకంతో బిల్లుంది. తేనెసీసా దగ్గర."

వాడి చెయ్యి లేచింది. నేను తప్పుకోలేదు. కొడితే బాగుండుననే అనిపించింది. వాడు ఆ చేత్తోనే బానెట్ అంచు పట్టుకుని తల వంచుకున్నాడు. వాడి మెడ మీద చెమట వీపులోకి దిగడం కనిపించింది.

పక్క షాపులో టైల్స్ దించుతున్నారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన చప్పుడు ఆగకుండా వస్తోంది.

చివరికి లిఫ్టు, తల ఎత్తకుండానే, "మళ్ళీ మూసెయ్యగలవా?" అన్నాడు.

"ఏం మాట్లాడుతున్నావు రా?"

"ఆవిడ వచ్చేది నాలుగింటికి. ఇప్పుడు పదకొండున్నర. ఒకప్పుడు చేశావు కదా. చెయ్యగలవా లేదా?"

"పట్టుబడితే జైలుకి పోతాను."

"పట్టుబడకపోతే అక్క తన ఇంట్లో ఉంటుంది. నాన్న పేరు ఉన్నచోట ఉంటుంది." అప్పుడు తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్ను నేనేం అడగట్లేదు బావా. నువ్వు తెచ్చిన మంట, నువ్వే ఆర్పు అంటున్నాను."

నేను మా ఆవిడ వైపు చూశాను. వద్దనలేదు. సరే అనలేదు. లోపలికి వెళ్ళి, కాసేపటికి మంచినీళ్ళ చెంబు తెచ్చి నా పనిముట్ల పక్కన పెట్టి వెళ్ళింది. దాన్ని ఏమని అర్థం చేసుకోమంటారు? నేను సరే అని అర్థం చేసుకున్నాను. నాకు కావలసింది అదే మరి.

ఈసారి సీసం వాడకూడదు. వాడితే అద్దం మేడం పట్టేస్తుంది. సన్న తీగతో వెల్డింగ్ పోసి, వేడి ఉండగానే కింద ఇనుప దిమ్మ ఆనించి సుత్తితో పరుచుకుంటూ రావాలి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే రేకు ముడుచుకుపోతుంది, అంకెలు వంకరపోతాయి. నలభయ్యెనిమిదేళ్ళు నాకు. చేతులు ఒకప్పటిలా నిలవడం లేదు. ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం చేశాను. మూలల దగ్గర ఆ రెండు దెబ్బలు కొట్టకుండా నన్ను నేను పట్టుకున్నాను.

ఆకురాయి కుడిచేత్తో పట్టుకున్నాను. గీతలు అందరి గీతల్లా వాలాలి కదా. పలుపు తెంచుకున్న దూడలా చెయ్యి ఎటో పోతోంది. మెడ నరాలు లాగేస్తున్నాయి. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. తల ఎత్తితే మా ఆవిడ గుమ్మంలో ఉంది, నా చేతి వైపు చూస్తోంది. నేను ఎత్తగానే లోపలికి తిరిగిపోయింది.

మూడుంబావుకి ఉప్పునీళ్ళూ టీ డికాక్షనూ కలిపి పూసి, రేకుకి యాభై ఏళ్ళ వయసు తెచ్చాను. తర్వాత కాస్త మసి, కాస్త ఇంజనాయిల్. వెనకవైపు, దిమ్మ ఆనించడానికి గీకిన పాత తారునే కరిగించి మళ్ళీ మందంగా పూశాను, ఆ వైపు భయం లేదు. చెయ్యి పెట్టి నిమిరాను. నీళ్ళ మీద పోయినట్టు పోయింది.

సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆ క్షణం నాకు గర్వంగానే అనిపించింది.

అద్దం మేడం చెప్పిన వేళకే వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, మోకాలికి గుడ్డ కట్టుకుని. "కిందకి దూరడానికి ఈ మోకాలు ఒప్పుకోదు బాబూ, దీన్నే ముందు బుజ్జగించాలి" అంటూ సంచిలోంచి అద్దం తీసింది. గంటంబావు చూసింది. ఇంజను నెంబరు. గేర్ల పెట్టె. సీటు తోలు కింద ఫ్యాక్టరీవాడు సుద్దముక్కతో రాసిన అంకె కూడా చూపించి మురిసిపోయింది.

తలుపుల దగ్గర మాత్రం ఆగింది. "ఈ తలుపులు వేరే చోటివి. పర్వాలేదు, ఈ వయసులో నా పళ్ళు కూడా వేరే చోటివే."

లిఫ్టు అవసరానికి మించి నవ్వాడు.

అడ్డరేకు దగ్గరకి వచ్చింది. టార్చి వేసింది. పక్కనుంచి వేసింది, కిందనుంచి వేసింది. గోరుతో గీసి చూసింది. నేను రెంచి తీసి ఊరికే బల్ల మీద పెట్టాను.

"బాగుంది" అంది.

"బాగుందా?" అన్నాడు లిఫ్టు.

"నెంబరు దగ్గర ఇంత శుభ్రమైన రేకు ఈ మోడల్లో నేను రెండోసారి చూడడం. రాసిస్తాను. ఒక్కటే, ఆ నాలుగేళ్ళ ఖాళీ ఉంది కదా. అందుకని మీ చేత ఒక మాట రాయించుకోవాలి. బండి యజమానిగా, పనివాడిగా. 'నా ఎరుకలో ఈ భాగం మీద ఎవరూ ఏ పనీ చేయలేదు.' ఇక్కడ సంతకం."

కాగితం బానెట్ మీద పెట్టింది. కలం నాకిచ్చింది. కణుపుల చెక్కుల మీద గుడ్డ చుట్టుకున్నాను, అది చూసి "ఏమైంది చేతికి?" అంది.

"పనిలో మామూలేనండి."

కలం కాగితానికి ఆనించాను.

"చేశారు" అంది మా ఆవిడ.

నలుగురం ఉన్న షెడ్డులో ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. తొమ్మిది రోజులుగా గోడలతో మాట్లాడిన గొంతు.

"ఏమన్నారమ్మా?" అంది అద్దం మేడం.

"ఆ భాగం మీద పని చేశారండీ. రెండుసార్లు. ఒకసారి ఇవాళ. మొదటిసారి ఈ షెడ్డులోనే, మా నాన్న చేయించారు. ఆ ముక్క వేరే బండిది. అతికింది ఈయన."

"అక్కా!" లిఫ్టు అరిచాడు. "నీకు మతి పోయిందా? నువ్వు చూశావా? బావ చెప్పింది నమ్మేసి..."

"చూశాను. దీపం పట్టింది నేనే."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు కరెంటు పోయింది. మేస్త్రి కూతురు దీపం పట్టుకుని నా భుజం మీదుగా వంగింది. పదిహేడేళ్ళ పిల్ల. "అంకెలు ఎందుకు కోసి అతికిస్తున్నారు?" అని అడిగింది. "తుప్పు" అన్నాను. "అంకెల్ని ఒక్కటే వదిలి మిగతాదంతా తిన్నదా తుప్పు?" అని నవ్వింది. మా ఇద్దరి మధ్య అదే మొదటి మాట. దీపం గుర్తుంది, ఆ నవ్వు గుర్తుంది, ఆమె చేతి గాజుల చప్పుడు గుర్తుంది. ఆ వెలుగులో ఏం పని చేశానో మాత్రం మరిచిపోయాను. మామూలుగా మగవాళ్ళు పని గుర్తుంచుకుని ఆ మొదటి మాట మరిచిపోతారు, నాది తలకిందులు.

అద్దం మేడం నా చేతిలోంచి కలం మెల్లగా తీసుకుంది. మళ్ళీ టార్చి వేసి చాలాసేపు చూసింది. "అయ్యో, ఎంత పనితనం" అంది, చనిపోయిన మనిషి దగ్గర కూర్చున్నట్టు. తర్వాత కాగితాన్ని రెండుగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"బాబూ, ఇది నేను రాయాలి. రాయకపోతే నా అద్దానికి విలువలేదు. ఈ నెంబరు గల బండి ఎక్కడో చచ్చిపోయింది. మరి ఈ ఒళ్ళు ఎవరిది? ఎవరి ఇంటి ముందు నుంచి పోయిన బండి? అది తేలేదాకా దీన్ని అమ్మకూడదు, రోడ్డెక్కించకూడదు."

"మా నాన్న పేరు రాస్తారా?" అన్నాడు లిఫ్టు.

"నాకు తెలిసింది రాస్తానయ్యా. మీ అక్క చెప్పింది నాకు తెలిసిపోయింది."

ఆవిడ మోకాలు బుజ్జగించుకుంటూ వెళ్ళిపోయింది. లిఫ్టు వ్యాను ఎక్కి తలుపు విసిరి వేసుకున్నాడు. స్టార్టు చేశాడు. అక్కని రమ్మనలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు. ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది.

నేను ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"ఇంకొక్క గీత. నా సంతకం పడితే ఈ నేల నీ చేతికొచ్చేది. ఎందుకు చెప్పావు?"

మధ్యలో తమ్ముడు లేడు. నా మొహంలోకే చూసి మాట్లాడింది.

"ఆకురాయి కుడిచేత్తో పట్టుకున్నారు."

"అయితే?"

"మా నాన్న తప్పు చేయించాడు. మీరు చేశారు. ఆ రోజు మీ చేత్తో మీరు చేశారు. తెలియక చేశారనుకుని ఇన్నేళ్ళూ ఉన్నాను. ఇవాళ చూశాను, చెయ్యి మార్చుకుని చేశారు. ఇంకో రోజున నాకూ చెయ్యి మార్చి చెబుతారు. నేను ఏ వాలు చూసి కనిపెట్టను?"

"నీకోసమే చేశాను" అన్నాను. ఆ మాట నా చెవికే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

"నీళ్ళ చెంబు పెట్టావు కదా" అన్నాను మళ్ళీ.

"పొద్దుట్నుంచి గుక్క తాగలేదని పెట్టాను" అంది.

సంచి తీసుకుని షెడ్డు గడప దాకా నడిచింది. దాటలేదు. అక్కడే గడప మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది, ముఖం వీధి వైపు. బయట వ్యాను, లోపల నేను. ఎవరి కోసం ఎదురుచూస్తోందో అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుందని భయం.

నెలాఖరు వచ్చింది, సాయంత్రం అయింది. టైల్స్ షాపతను టేపు పట్టుకుని తనే వచ్చాడు, మర్యాదగా చెప్పులు బయట విప్పి. ఒక చివర నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. వెడల్పు ముప్పై ఆరు అడుగులు, పొడవు యాభై ఏడున్నర. రెండు వందల ముప్పై గజాల నేల, మీద పన్నెండు రేకుల కప్పు, వెనక రెండు గదులు. వాటికి నాకు ముట్టింది, బండికి నేను పోసింది, నలభై ఒక్క లక్షల అరవై వేలు.